డాబా మీది సిగ్నల్ బూస్టర్‌కు నోటీసు

ప్రశ్న: మా అపార్టుమెంటు కింది అంతస్తులో ఫోను సిగ్నల్ సరిగా అందదు. ఆన్‌లైన్‌లో బూస్టర్ కొని డాబా మీద యాంటెన్నా పెట్టించాను. మా ఫోన్లు బాగా పనిచేస్తున్నాయి. వీధిలో వాళ్ల కాల్స్ తెగిపోతున్నాయంటూ టెలికం అధికారులు వచ్చి, తీసేయాలని నోటీసు ఇచ్చారు. బిల్లు ఉంది. అయినా తప్పు నాదేనా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీదే. ముందు బూస్టర్ ఆపివేసి, తర్వాత మిగతాది చదవండి.

బిల్లు మీరు కొన్నారని చెబుతుంది గాని, వాడుకోవచ్చని చెప్పదు. లైసెన్సు లేని తుపాకీకి బిల్లు చూపిస్తే కేసు పోతుందా? 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. బూస్టర్‌లాగా సంకేతాలను ప్రసారం చేసే పరికరం (ట్రాన్స్‌మిటర్) అయితే 6వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యే కదా అనుకోకండి, దానికి ముందున్న మాట జైలు. ఈ పాత చట్టం స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా రేడియో పరికరాలకు అనుమతి షరతు వదలలేదు. మీ నోటీసులో ఏ చట్టం, ఏ సెక్షన్ రాశారో చూడండి, జవాబు దాన్నిబట్టే ఉండాలి. లైసెన్సున్న టెలికం సంస్థలు తప్ప మరెవరూ బూస్టర్లు ఉంచుకోవడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధమని టెలికం శాఖ 2022లోనే ప్రకటించింది.

మీ ఇంట్లో బాగున్నది వీధిలో ఎందుకు చెడింది? ప్రతి ఫోనూ మాటతో పాటు టవర్‌కు ముందే తెలిసిన ఒక గుర్తు సంకేతాన్ని పంపుతుంది. గోడలకు తగిలి అది ఎంత మారి వచ్చిందో చూసి, సంకేతం వచ్చిన దారిని టవర్ అంచనా కట్టి, అసలు మాటను విడదీస్తుంది. మీ బూస్టర్ మీ మాటనే కాదు, రొదను (అక్కరలేని రేడియో సంకేతాలను) కూడా పెంచి టవర్ మీద కుమ్మరిస్తుంది. ఆ రొదలో ఇతరుల గుర్తు సంకేతాలు మసకబారి అంచనా తప్పుతుంది, దూరపు ఫోన్ల బలహీనమైన సంకేతం మునిగిపోతుంది. పైగా బూస్టర్‌కు ఇంటి లోపల ఉండే యాంటెన్నా ప్రసారాన్ని డాబా మీది యాంటెన్నా అందుకుంటే, స్పీకరు ముందు పెట్టిన మైకులాగా యంత్రం తనలో తానే ఊళ పెడుతుంది.

గడువులోగా యాంటెన్నా విప్పించి, ఫొటోలతో రాతపూర్వకంగా జవాబివ్వండి. ఇంకొకరికి అమ్మి చేతులు దులుపుకుందామనుకోవద్దు, అదీ నేరమే. బిల్లు మాత్రం దాచండి. అనుమతి అవసరమని చెప్పకుండా అమ్మినవారిపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి అది పనికొస్తుంది.

ఇక అసలు బాధ సిగ్నల్. మీ మొబైల్ సంస్థకు ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకోండి. పరిష్కారం కాకపోతే 30 రోజుల్లో ఆ సంస్థ అప్పీలు అధికారికి రాయండి. టెలికం సేవల్లో లోపంపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. ఈలోగా ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోను సెట్టింగుల్లో వైఫై కాలింగ్ పెట్టుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.