వెక్కిరింత పిట్టా? అనుకరణ పక్షా?

సందేహం: మాకింగ్‌బర్డ్‌ను 'వెక్కిరింత పిట్ట' అని రాశాను. 'అనుకరణ పక్షి' అనాలని మిత్రుడన్నాడు. ఏది సరైనది? అది కూసిందనాలా, పాడిందనాలా?

సమాధానం: మీ మాట పూర్తిగా తప్పు కాదు. పిల్లల పోట్లాట చూడండి. ఒకడు 'నేను రాను పో' అంటాడు. రెండోవాడు మూతి వంకర పెట్టి, గొంతు సాగదీసి 'నేను రాను పో' అని అదే అప్పజెబుతాడు. వెంటనే మొదటివాడు 'అమ్మా, వీడు వెక్కిరిస్తున్నాడే' అని ఏడుపు లంకించుకుంటాడు. అంటే వెక్కిరించడంలో అనుకరణ ఉంది. దానితోబాటు అవతలివాణ్ణి చిన్నబుచ్చాలనే బుద్ధీ ఉంది. 'వెక్కిరించబోయి వెల్లకిలా పడ్డట్టు' అనే సామెతలో పట్టుబడేది ఆ బుద్ధే. ఇంగ్లీషు 'మాక్'కు ఎగతాళి చేయడమనీ, ఉన్నదున్నట్టు అనుకరించడమనీ రెండర్థాలున్నాయి. పిట్ట పేరులో ఉన్నది రెండోది.

అమెరికా ఖండాల్లో ఉండే ఈ బూడిదరంగు పిట్ట తోటి పక్షుల కూతల్నీ, కప్పల బెకబెకల్నీ, ఒక్కోసారి కారు అలారం మోతనీ పట్టేస్తుంది. ఒక కూతను మూడు నాలుగు సార్లు వినిపించి, చటుక్కున మరో గొంతులోకి మారిపోతుంది. జోడు దొరకని మగపిట్ట వెన్నెల రాత్రుల్లో కూడా ఆపదు. పాపం, ఇందులో వెక్కిరింత ఎక్కడుంది?

'అనుకరణ పక్షి'తో మరో చిక్కు. అనుకరణ కావ్యమంటే ఇంకో కావ్యాన్ని చూసి రాసినది. ఆ లెక్కన ఇది పక్షిని చూసి చేసిన బొమ్మ అనుకోవచ్చు. 'అనుకరించే పిట్ట' అంటే ఆ బాధ లేదు.

నాకు మాత్రం 'పలుగొంతుల పిట్ట' ఇష్టం. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ దీని శాస్త్రీయ నామంలో పెట్టిన 'పాలీగ్లాటోస్' అనే మాటకు అనేక నాలుకలు గలదని అర్థం. మెక్సికోలోని నావాటిల్ భాషలో దీని పేరు 'నాలుగు వందల పలుకులు గలది'. మనం నాలుక జోలికి పోకపోవడమే మంచిది. తెలుగులో రెండు నాలుకలంటేనే మాట మార్చే మనిషి గుర్తొస్తాడు. గొంతుకు ఆ మచ్చ లేదు. నేరెళ్ల వేణుమాధవ్ ఎన్నెన్నో గొంతులు పలికిస్తే 'ధ్వన్యనుకరణ సామ్రాట్' అని నెత్తిన పెట్టుకున్నాం.

ఇక క్రియ. కోయిల కూస్తుంది, చిలుక పలుకుతుంది, కాకి అరుస్తుంది. ఇది ఎన్నో కూతల్ని వరుస కట్టి వినిపిస్తుంది కాబట్టి 'పాడింది' అనే రాయండి. ఎవరి గొంతు ఎత్తుకుందో చెప్పేటప్పుడు మాత్రం ఆ ప్రాణి క్రియనే వాడండి: గద్దలా అరిచింది, కప్పలా బెకబెకమంది.