దుబాయ్ ప్రయాణపు లెక్క గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుణ్ని ఆశీర్వదించి మామయ్య రాయునది.

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఎన్ని గంటల ప్రయాణమో ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా చూపుతోందని, టికెట్ తీసుకోవడానికి నువ్వు తటపటాయిస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఏళ్ల తరబడి ఆ దారిలో తిరిగినవాణ్ని కనుక నాకు తెలిసిన లెక్క రాస్తున్నాను.

ఈ రెండు విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం దాదాపు 2,550 కిలోమీటర్లు. పైకి చేరాక విమానం గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే మూడు గంటలకు కాస్త ఎక్కువ పడుతుంది. కొన్నిచోట్ల చూపేది ఈ లెక్కే. టికెట్ మీద ఉండే సమయం అది కాదు. విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా పట్టే కాలమంతా, అంటే రన్‌వే దాకా నేల మీద పోవడం, పైకెక్కడం, దిగడానికి వరుసలో తిరగడం, అన్నీ అందులో కలుస్తాయి. అందుకే వెళ్లేటప్పుడు సుమారు నాలుగు గంటలు వేస్తారు. వచ్చేటప్పుడు మూడున్నరే. చలికాలంలో ఆ ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది కనుక, వెళ్లేటప్పుడు ఎదురయ్యే గాలే వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది.

నువ్వు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది గడియారం. టికెట్ మీద బయలుదేరే వేళ బయలుదేరే ఊరి సమయం, చేరే వేళ చేరే ఊరి సమయం. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ ఉదయం 10 గంటలకు ఎక్కితే అక్కడ మధ్యాహ్నం 12.30కే దిగుతావు. అది చూసి రెండున్నర గంటల ప్రయాణమే అనుకోకు. తిరుగు ప్రయాణంలో రాత్రి 10కి ఎక్కితే మన సమయం తెల్లవారుజామున 3 అవుతుంది, తేదీ కూడా మారిపోతుంది.

నేను మొదటిసారి సెలవు మీద వస్తూ ఈ తేదీ దగ్గరే పొరపడ్డాను. బయలుదేరే తేదీనే చెప్పి, తెల్లవారుజామున 3 గంటలకు దిగుతానని ఇంటికి కబురు పంపాను. అప్పట్లో విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. మీ తాతయ్య నేను చెప్పిన తేదీ రాసుకున్న కాగితం చొక్కా జేబులో పెట్టుకుని ఊరి నుంచి వచ్చి, తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక పగలూ మరో రాత్రీ ఆ గేటు బయటే గడిపాడు. నేను బయటికి వచ్చేసరికి ఆ కాగితం చెమటకు మెత్తబడిపోయి ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే నిన్ను తీసుకెళ్లడానికి వచ్చేవారికి చేరే తేదీ, చేరే వేళ, విమానం నంబరు, ఈ మూడూ రాసి పంపు.

మస్కట్ మీదుగానో మరో ఊరి మీదుగానో తక్కువ ధరకు టికెట్ దొరికితే, గాలిలో ఉండే గంటలతో పాటు మధ్యలో కూర్చోవలసిన గంటలు కూడా కలిపి చూడు. షార్జాలో దిగే టికెట్ అయితే ఆ సంగతి అక్కడివాళ్లకు ముందే చెప్పు, అది వేరే విమానాశ్రయం. కరీంనగర్ నుంచి శంషాబాద్‌కు బస్సులో నాలుగైదు గంటలు పడుతుంది, విమానం వేళకు మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. కనుక ఉదయం 10 గంటల విమానమైతే ముందురోజు రాత్రే బయలుదేరు.

టికెట్ చేతికి రాగానే దాని ఫొటో నాకు పంపు. తేదీలు నేనొకసారి చూస్తాను.

మీ మామయ్య