ప్రభుత్వ శాఖలో డిజైనర్‌గా చేరుతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

హ్యూమన్ సెంటర్డ్ డిజైనర్‌గా, అంటే వాడే మనుషుల అవసరాన్ని బట్టి సేవల్ని తీర్చిదిద్దే పనికి, ప్రభుత్వ శాఖలో చేరుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. కంపెనీ చేసిన యాప్ నచ్చకపోతే జనం దాన్ని తీసేసి ఇంకోటి పెట్టుకుంటారు. ప్రభుత్వంతో పని పడ్డవాళ్లకి ఆ వీలు లేదు. ఫారం ఎంత అధ్వానంగా ఉన్నా దాన్నే నింపాలి, లేదా తమకి రావలసింది వదులుకోవాలి. అందుకే ఇక్కడ స్క్రీన్ కంటే ముందు రూలునీ, ఫారాన్నీ, నోటీసునీ, కౌంటర్‌నీ పట్టుకోవాలి.

మొదటి వారం డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరవకు. నీకు అప్పగించిన సేవకి సంబంధించిన చట్టం, దాని కింది నిబంధనలు, సర్క్యులర్లు, ఫారం, జనానికి వెళ్లే ఉత్తరాలు, కాల్ సెంటర్ వాళ్లు చదివే స్క్రిప్టు అన్నీ తెప్పించుకుని చదువు. చట్టంలో ఉన్నది, నిబంధనల్లో ఉన్నది, ఎక్కడా లేకుండా అలవాటుగా జరుగుతున్నది అని మూడు వరసలు గీసి ఒక్కో షరతునీ అందులో పెట్టు. మూడేసి జిరాక్సులు అడగడం, ప్రతి పేజీ మీదా సంతకం పెట్టించడం లాంటివి తరచూ మూడో వరసలోనే తేలతాయి. వాటిని మార్చడానికి సెక్షన్ అధికారి ఒప్పుకుంటే చాలు. నిబంధన మారాలంటే ఫైలు పైదాకా వెళ్లి రావాలి, చట్టమైతే చట్టసభకే వెళ్లాలి. ముందు మూడో వరస మీద పని చెయ్యి, మిగతా రెంటికీ నోట్ రాస్తూ ఉండు. "ఇది ఎక్కడ రాసుంది?" అని నిలదీసినట్టు అడగకు. "ఏ రూలు కింద అడుగుతున్నామో చెప్తే నోట్‌లో రాసుకుంటానండీ" అను. జవాబు లేకపోతే ఆ సంగతి అక్కడున్న అందరికీ దానంతటదే తెలుస్తుంది.

ఫారం దగ్గర ఓపిక పట్టు, అసలు పని అక్కడే ఉంది. ప్రతి ప్రశ్నకీ ఐదు గళ్లు నింపు. ఈ జవాబు ఎవరు చూస్తారు, దాంతో ఏం నిర్ణయిస్తారు, ఏ రూలు కింద అడుగుతున్నాం, ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది, ఇదే సమాచారం ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉందా. మొదటి రెండు గళ్లూ ఖాళీగా మిగిలిన ప్రశ్న ఫారంలో ఉండక్కర్లేదు.

ఉదాహరణకి "కుటుంబ వార్షికాదాయం" అని రాసి పక్కనే ఒక గడి ఇస్తారనుకో. కుటుంబం అంటే ఎవరు? వేరే ఊళ్లో ఉండే కొడుకు లెక్కలోకి వస్తాడా? జీతమైతే కోతలకి ముందుదా, చేతికొచ్చేదా? రోజు కూలికి వెళ్లే మనిషికి ఏడాది లెక్క ఎక్కడ ఉంటుంది? ఏం చెయ్యాలో తెలియక నెల ఆదాయం రాసేస్తారు. దాన్నే ఏడాది ఆదాయంగా కంప్యూటర్‌లో ఎక్కిస్తారు, తర్వాత తనిఖీలో తేడా వచ్చి దరఖాస్తు తిరిగొస్తుంది. నింపిన మనిషి అబద్ధం చెప్పినట్టు రికార్డవుతుంది. అలాంటి ప్రశ్నని విడగొట్టు. రూలులో కుటుంబానికి ఇచ్చిన నిర్వచనం చూసుకుని, ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారో ముందు అడుగు, ఒక్కొక్కరికీ పోయిన నెల ఎంత వచ్చిందో తర్వాత అడుగు. పని నెలనెలా మారేవాళ్లకి వేరే దారి పెట్టు. ఏడాది లెక్క కట్టడం కంప్యూటర్ పని.

ఇక జనంతో మాట్లాడడం. ముప్పైమందిని ఒకేసారి కలిసి లావుపాటి రిపోర్టు రాసేకన్నా, రెండు వారాలకోసారి కొత్త ఫారాన్ని ఐదారుగురితో పరీక్షించి, దిద్ది, మళ్లీ పరీక్షించడం మేలు. ఒక్కొక్కరికీ ముప్పావుగంట చాలు. ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు రాసుకోవాలి. ఆఫీసు పిలిచి కూర్చోబెట్టేవాళ్లు సాధారణంగా పని పూర్తయినవాళ్లే. నీకు కావలసింది మధ్యలో మానేసినవాళ్లు. తిరస్కరించిన దరఖాస్తుల జాబితాలోనూ, సగంలో ఆగిన ఆన్‌లైన్ ఫారాల్లోనూ వాళ్లు దొరుకుతారు. ఇతరులకి ఫారాలు నింపిపెట్టేవాళ్లని తప్పకుండా కలువు, ఎక్కడ ఎవరు తడబడతారో వాళ్లకి నోటికొచ్చు.

ప్రభుత్వం తరఫున అడిగేసరికి మనుషులు భయపడతారు. నోరు జారితే దరఖాస్తు ఆగిపోతుందేమో అనుకుంటారు. మొదటి మాటగానే "ఈ మాటలకీ మీ దరఖాస్తుకీ సంబంధం లేదు, ఎప్పుడైనా ఆపేయొచ్చు" అని చెప్పు. మంజూరు చేసే అధికారిని ఆ గదిలో కూర్చోబెట్టకు. వాళ్ల నిజమైన గుర్తింపు నంబర్లు రాసుకోకు, పరీక్షకి కల్పిత వివరాలే ఇవ్వు. "అర్థమైందా?" అని అడగకు, అందరూ అయిందనే అంటారు. "ఇప్పుడు మీరు ఏం చేస్తారు?" అని అడుగు.

కౌంటర్ సిబ్బందిని ప్రశ్నలు అడిగే ముందు పూటంతా పక్కన కూర్చుని చూడు. మానిటర్ అంచున అంటించుకున్న చీటీ, సొరుగులో దాచుకున్న సొంత రిజిస్టరు, ఫారం మీద పెన్సిల్‌తో పెట్టే టిక్కు, ఇవన్నీ సిస్టమ్ ఇవ్వనిదాన్ని వాళ్లు తమ చేత్తో అతికించుకున్న చోట్లు. అవి తెలుసుకోకుండా కొత్త సిస్టమ్ తెస్తే మొదటి రోజే కౌంటర్ ఆగిపోతుంది, నింద సిబ్బంది మీద పడుతుంది.

పై అధికారులకి రిపోర్టు పంపి ఊరుకోకు, తీసుకొచ్చి చూపించు. ఆరు వారాలకోసారి కనీసం రెండు గంటలు ప్రతి ఒక్కరూ వినియోగదారుల్ని గమనించాలన్న లెక్కని బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ ప్రచారంలో పెట్టింది. నువ్వూ అది పట్టుకో. వచ్చినవాళ్లు పరీక్షని పక్కగదిలో తెర మీద చూడాలి. చేతికి చీటీలిచ్చి, చూసింది చూసినట్టు చీటీకి ఒకటి చొప్పున రాయమను. చేతిలో పని ఉంటే పరిష్కారాలు చెప్పడం తగ్గుతుంది.

నోటీసులు తిరగరాసేటప్పుడు పూర్తయిన కాగితాన్ని న్యాయ విభాగానికి పంపితే పాత మాటలన్నీ తిరిగొస్తాయి. రాయకముందే వాళ్ల పక్కన కూర్చుని, చట్టప్రకారం తప్పనిసరిగా ఉండాల్సిన మాటలేవో గుర్తు పెట్టించుకో. అవి కిందకి వెళ్తాయి. పైన మొదటి వాక్యంలో ఆ మనిషి ఏం చెయ్యాలి, ఏ తేదీలోగా, చెయ్యకపోతే ఏమవుతుంది అన్నవి ఉండాలి.

టెండరు పిలవకముందే అందులో చెయ్యి పెట్టు. స్క్రీన్‌ల లెక్కన డబ్బిచ్చే ఒప్పందమైతే, తర్వాత నువ్వు కనిపెట్టిన ప్రతి దిద్దుబాటుకీ అదనపు బిల్లు వస్తుంది. నిజమైన వినియోగదారులతో రెండు వారాలకోసారి పరీక్ష, దొరికిన లోపాలు ఆ ధరలోనే దిద్దడం, ఈ రెండూ షరతుల్లో రాయించు. అమెరికాలో ఆరోగ్య బీమా కొనుక్కోవడానికి ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్ హెల్త్‌కేర్.గవ్ 2013 అక్టోబర్ 1న మొదలైనప్పుడు, బీమా ధరలు చూడాలంటే ముందు ఖాతా తెరవాలన్నారు. వచ్చిన జనమంతా ఆ గుమ్మం దగ్గరే ఇరుక్కున్నారు. మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురు. సర్వర్లు, కాంట్రాక్టర్ల గొడవలు వేరే ఉన్నాయి కానీ, ఖాతా ముందు తెరవాలా తర్వాత తెరవాలా అన్నది డిజైన్ నిర్ణయం.

మార్చకముందు లెక్కలు తీసిపెట్టుకో: వందమంది మొదలుపెడితే ఎందరు పూర్తి చేస్తున్నారు, ఎన్ని వెనక్కొస్తున్నాయి, ఒక్కో మనిషి ఎన్నిసార్లు తిరుగుతున్నాడు. తర్వాత తీస్తే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. ఆన్‌లైన్ దరఖాస్తుల సంఖ్య చూసి సంబరపడకు, కౌంటర్ మూసేసినా అది పెరుగుతుంది. చూపు తక్కువున్నవాళ్లూ చదవగలిగేలా అక్షరానికీ నేపథ్యానికీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి, మౌస్ లేకుండా కీబోర్డుతోనే ఫారం పూర్తవ్వాలి. కాగితం దారి మూయనివ్వకు.

నిన్ను సమర్థించిన అధికారి బదిలీ అవుతారు, టీములే రద్దవుతాయి. డెన్మార్క్ ప్రభుత్వంలోని డిజైన్ టీము మైండ్‌ల్యాబ్ 2002లో మొదలై 2018లో ముగిసింది, అమెరికా ప్రభుత్వంలో 2014లో పెట్టిన డిజిటల్ సేవల టీము 18ఎఫ్‌ని 2025 మార్చిలో మూసేశారు. అందుకే నువ్వు చేసిన ప్రతి మార్పూ సర్క్యులర్‌లోకీ, కొత్త ఫారం నంబరులోకీ ఎక్కాలి. ఎందుకు మార్చామో, ఎవరితో పరీక్షించామో ఒక పేజీలో రాసి అదే ఫైల్లో పెట్టు.

చివరిగా అనుమతుల సంగతి. అమెరికాలో 1980 నాటి పేపర్‌వర్క్ రిడక్షన్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏదైనా పదిమందికి, లేదా అంతకు మించి, ఒకే ప్రశ్నావళి ఇవ్వాలంటే ముందు అనుమతి కావాలి. మీ శాఖకీ అలాంటిది ఉండొచ్చు, రావడానికి నెలలు పట్టొచ్చు. చేరిన రోజే ఎవరిని అడగాలో కనుక్కుని ఆ దరఖాస్తు పెట్టేయ్, అది వచ్చేలోగా కౌంటర్ దగ్గర కూర్చో.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి