లీజు ఆషాఢంలో అయిపోతే: వేసవిలో అపార్ట్‌మెంట్ మారేవాళ్లకి

సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి భీమవరానికో అమలాపురానికో బస్సు టికెట్టు దొరకడం ఎంత కష్టమో గోదారి జిల్లాలవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో మే నుంచి సెప్టెంబరు దాకా సామాన్ల ట్రక్కులది అదే పరిస్థితి. పిల్లల బళ్లు తెరిచేలోపు మారేవాళ్లు, ఆగస్టులో కాలేజీలో చేరేవాళ్లు, కొత్త ఉద్యోగాలవాళ్లు అంతా ఒకేసారి బయల్దేరతారు. చాలామంది లీజులు నెలాఖరుకే ముగుస్తాయి. బోస్టన్‌లో అయితే సెప్టెంబరు 1న సగం ఊరు వీధిలోనే ఉంటుంది.

ఈ సీజన్లో ఇల్లు మారేవాళ్లకి ముందుగా చెప్పేది ఒకటే: రెండిళ్ల తాళాలూ చేతిలో ఉండేలా రెండు మూడు రోజులు కొనుక్కోండి. పాత లీజు 31 మధ్యాహ్నం 12 గంటలకి ముగుస్తుంది. కొత్త ఇంటి తాళం 1వ తేదీ పొద్దున్న లీజింగ్ ఆఫీసు తెరిచాకగానీ ఇవ్వరు. ఆ రాత్రి సామాను ఎక్కడ పెడతారు? కొత్త ఇల్లు ఖాళీగా ఉంటే 29 నుంచే ఇమ్మని అడగండి, రోజుల లెక్కన అద్దె కట్టించుకుంటారు. నెలకి 1800 డాలర్ల ఇల్లయితే రోజుకి 60. మూడు రోజులకి 180. హోటలు, స్టోరేజీ, ట్రక్కుకి రెండో రోజు అద్దె కలిపితే అంతకంటే ఎక్కువే అవుతుంది, పైగా తలనొప్పి.

నోటీసు సంగతి లీజులో చూసుకోండి. కొన్నిచోట్ల 30 రోజులు, చాలా కాంప్లెక్సుల్లో 60. జులై 31న ఖాళీ చేయాలంటే 60 రోజుల నోటీసు జూన్ 1కే చేరాలి, అదీ రాతపూర్వకంగా. ఆఫీసులో అమ్మాయికి నోటిమాటగా చెబితే చెల్లదు. నోటీసు ఇవ్వకపోతే నెలనెలా పద్ధతిలోకి మారి అద్దె పెరిగిపోయే లీజులు చాలా ఉన్నాయి.

ఇక ఫోన్లో అమ్మగారు: "ఆషాఢంలో ఇల్లు మారతావేంట్రా?" జులైలో ఎక్కువ రోజులు చాలా ఏళ్లు ఆషాఢంలోనే పడతాయి, లీజు మాత్రం పంచాంగం చూసుకుని ముగియదు. అద్దె ఇల్లే కాబట్టి వారం, వర్జ్యం చూసుకుని పాలు పొంగిస్తే చాలామంది పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. అయితే పాలకొల్లు పంచాంగంలో టైము మీకు పనికిరాదు. రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి లెక్క. పగటిలో ఎనిమిదో వంతు కాబట్టి, డల్లాస్ వేసవిలో పగలు 14 గంటలుంటే గంటన్నర కాదు, గంటా ముప్పావు. మీ ఊరి పంచాంగం చూడండి. కరెంటు మీ పేరు మీద ముందురోజు నుంచే మొదలవ్వాలి, లేకపోతే ఎలక్ట్రిక్ పొయ్యి వెలగదు, పాలు పొంగవు. హుడ్ ఫ్యాను వేసి పొంగించండి. స్మోక్ అలారం కింద అగరుబత్తీ, కర్పూరం పెట్టొద్దు.

ట్రక్కు నెల ముందే బుక్ చేయండి. కుదిరితే మంగళ, బుధవారాలు. ఒక బెడ్రూమ్ ఇంటికి 15 అడుగుల ట్రక్కు సరిపోతుంది. దానికి 12 అడుగుల ఎత్తు ఖాళీ కావాలి, కాబట్టి అపార్ట్‌మెంట్ గ్యారేజీలోకి దూర్చకండి. బోస్టన్‌లో స్టారో డ్రైవ్ వంతెనల కింద ట్రక్కులు ఇరుక్కోవడం ఏటా ఉండేదే. మీ కారు ఇన్సూరెన్సు, క్రెడిట్ కార్డు కవరేజీ అద్దె ట్రక్కుకి చాలాసార్లు వర్తించవు, ముందే కనుక్కోండి. పెద్ద బిల్డింగుల్లో లిఫ్టు కూడా బుక్ చేయాలి. మూవర్లని (సామాను మోసే కంపెనీవాళ్లని) పెడితే వాళ్ల ఇన్సూరెన్సు సర్టిఫికెట్ బిల్డింగువాళ్లు అడుగుతారు, అది లేక వాకిట్లోనే ఆగిపోయినవాళ్లున్నారు. వేరే రాష్ట్రానికి వెళ్తుంటే మూవరుకి యూఎస్‌డాట్ నంబరు (అమెరికా రవాణా శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ నంబరు) ఉందేమో చూడండి. అదనపు కవరేజీ వద్దంటే పగిలిన వస్తువుకి పౌనుకి 60 సెంట్లే. 30 పౌన్ల టీవీకి 18 డాలర్లు.

అన్నిటికంటే ఎక్కువ గొడవ వంటింట్లో. ఆవకాయ సీసా ట్రక్కులో పెట్టొద్దు. ఎండకి ట్రక్కు పెట్టె లోపల కాలిపోతుంది, నూనె పలచబడి మూత దగ్గర కారుతుంది. పైన తేలిన నూనె పొడి గరిటెతో వేరే సీసాలోకి వంచుకోండి. మూతి శుభ్రంగా తుడిచి, ప్లాస్టిక్ కవరు బిగించి, దానిమీద మూత పెట్టండి. బకెట్లో తువ్వాలు చుట్టి నిలబెట్టి, మీ కారులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. దిగిన రోజే ఆ నూనె మళ్లీ పోసేయాలి, పై ముక్కలు ఆరితే బూజు పడతాయి. వెట్ గ్రైండరు రాళ్లు డ్రమ్ములోంచి తీసి విడిగా చుట్టండి. పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే, పెద్దదాంట్లో నింపితే అడుగు ఊడుతుంది. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒడిలో పెట్టుకోవడమో, బయల్దేరే ముందే తినేయడమో.

డిపాజిట్లో కోత పడేది ఎక్కువగా మన తాలింపు వల్లే. స్టవ్ పైన హుడ్‌కి అడుగున ఉండే జల్లెడ లాంటి ఫిల్టరు తీసి చూడండి, పసుప్పచ్చ జిడ్డు గడ్డకట్టి ఉంటుంది. మరిగే నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు, రెండు చెంచాల వంటసోడా వేసి 20 నిమిషాలు నానబెట్టి బ్రష్షుతో రుద్దితే వదులుతుంది. తెల్ల గట్టు మీద పసుపు మరకకి వంటసోడా ముద్ద 15 నిమిషాలు. కార్పెట్ మీద బ్లీచు మాత్రం పోయొద్దు, మరక పోయి రంగూ పోతుంది. సామాను తీసేశాక గదిగదీ వీడియో తీసి, తాళాలిచ్చినట్టు రసీదు తీసుకోండి. కాలిఫోర్నియాలో 21 రోజుల్లో, టెక్సస్‌లో 30 రోజుల్లో డిపాజిట్ లెక్క తేల్చాలి. టెక్సస్‌లో మీ కొత్త చిరునామా రాసివ్వకపోతే ఇంటి ఓనరుకి ఆ గడువు వర్తించదు.

వీసా, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు చిరునామా మార్పు పోస్టాఫీసుకి చెబితే ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి చెప్పినట్టు కాదు. మారిన 10 రోజుల్లో ఏఆర్-11 అనే చిరునామా మార్పు ఫారం ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా పిల్లలు అదే 10 రోజుల్లో కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓకి చెప్పాలి. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఇంటి నుంచే పనిచేస్తూ వేరే మెట్రో ప్రాంతానికి మారుతుంటే, లీజు మీద సంతకం పెట్టకముందే కంపెనీ లాయరుని అడగండి. పిటిషన్ సవరణ కావాలంటే అది మీరు అక్కడ పని మొదలెట్టకముందే దాఖలవ్వాలి.