ట్రాన్సిసా, ఫ్లూయెంటా, పీవీసిస్టా? ముందు మేడెక్కి ట్యాంకు చూడమ్మా

ప్రశ్న: సార్, అనంతపురం దగ్గర ఓ కాలేజీలో మెకానికల్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. మా హాస్టల్ మీదున్న సోలార్ వాటర్ హీటర్ ఏడాది పొడవునా ఎలా పనిచేస్తుందో సిమ్యులేట్ చేయడం, అంటే కంప్యూటర్‌లో లెక్కకట్టి చూడటం నా ప్రాజెక్టు. గైడ్ గారు ట్రాన్సిస్ అనే సాఫ్ట్‌వేర్ వాడమంటున్నారు. ఆన్సిస్ ఫ్లూయెంట్ అయితే రెజ్యూమెలో బరువుగా ఉంటుందని సీనియర్లు అంటున్నారు. ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లేమో పీవీసిస్ట్ నేర్పించి ఉద్యోగం చూపిస్తామని 35 వేలు అడుగుతున్నారు. నాన్న కట్టేస్తానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏది నేర్చుకోవాలి?

జవాబు: ముందు మీ నాన్నగారిని ఒక నెల ఆగమని చెప్పమ్మా. పీవీసిస్ట్ మంచి సాఫ్ట్‌వేరే, కానీ అది కరెంటు తయారుచేసే ప్యానెళ్ల కోసం. నీళ్లు కాచే హీటర్ల లెక్క దాంతో కాదు. నీ ప్రాజెక్టుకు అది ఎందుకూ పనికిరాదు. ఉద్యోగానికి పనికొస్తుందా అంటే వస్తుంది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

సాఫ్ట్‌వేర్ పేరు అడిగే ముందు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. మేడెక్కి చూడు. ట్యాంకు కలెక్టర్లకన్నా, అంటే ఎండను పట్టి నీళ్లు కాచే పలకలకన్నా ఎత్తులో ఉండి, పంపు లేకపోతే అది థర్మోసైఫన్. వేడెక్కిన నీళ్లు తేలికై వాటంతటవే పైకి పోతాయి. ట్యాంకు పక్కనో కిందో ఉండి, చిన్న పంపు తిరుగుతుంటే అది ఫోర్స్‌డ్ సర్క్యులేషన్. మన ఇళ్ల మీద కనిపించే 100, 200 లీటర్లవి చాలావరకు మొదటి రకం. హాస్టళ్లు, హోటళ్ల మీద పెద్దవాటిలో రెండో రకం ఎక్కువ. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో తేలేది ఇక్కడే, సీనియర్ల మాటలో కాదు.

రెండో పని కాగితం మీద. మీ హాస్టల్లో 120 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి స్నానానికి 20 లీటర్ల బకెట్ గోరువెచ్చని నీళ్లు, అంటే 40 డిగ్రీలు. డిసెంబరులో తెల్లవారుజామున ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలున్నాయనుకో, సోలార్ నీళ్లు 60. రెండూ కలిపితే ఒక బకెట్‌లో వేడినీళ్లు తొమ్మిదిన్నర లీటర్లే పడతాయి. మొత్తం సుమారు 1,140 లీటర్లు. ఈ లెక్క వేయనివాళ్లు 120ని 20తో గుణించి 2,400 లీటర్ల సిస్టమ్ అడుగుతారు, అమ్మేవాళ్లు సంతోషంగా అమ్ముతారు. 1,140 లీటర్లను 22 నుంచి 60కి కాచడానికి దాదాపు 50 యూనిట్ల వేడి కావాలి. చదరపు మీటరు మీద రోజుకు 5 యూనిట్ల ఎండ పడి, అందులో సగం నీళ్లలోకి చేరితే రెండున్నర యూనిట్లు. అంటే 20 చదరపు మీటర్లు, రెండేసి చదరపు మీటర్ల కలెక్టర్లయితే పది. ఇప్పుడు మేడ మీద ఎన్నున్నాయో లెక్కపెట్టు. ఇంత చేశాక ఏ సాఫ్ట్‌వేర్ ఏ అంకె చెప్పినా అది నిజానికి దగ్గరగా ఉందో లేదో నీకే తెలుస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్. మేడ మీద పంపు ఉంటే సామ్ (సిస్టమ్ అడ్వైజర్ మోడల్) అనే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టు. అమెరికా జాతీయ ప్రయోగశాల ఎన్ఆర్ఈఎల్ తయారుచేసింది, పూర్తిగా ఉచితం. అందులో సోలార్ వాటర్ హీటింగ్‌కు వేరే మోడల్ ఉంది. అనంతపురం అక్షాంశ రేఖాంశాలు ఇస్తే వాతావరణ ఫైలు అందులోంచే దింపుకోవచ్చు. ఏడాదికి 8,760 గంటలు, గంట గంటకూ లెక్క వేస్తుంది. కాకపోతే నీళ్ల వాడకం కింద అందులో ముందే నింపి ఉన్న అంకెలు అమెరికా ఇంటివి. మీ హాస్టల్లో ఉదయం ఆరు నుంచి ఎనిమిదిలోపే నీళ్లన్నీ అయిపోతాయి కదా? అంటే నిన్నటి ఎండను రాత్రంతా ట్యాంకులో దాచుకుని పొద్దున వాడుతున్నారన్నమాట. ట్యాంకు చుట్టూ వేడి పోకుండా ఉండే పఫ్ అనే ఫోమ్ పొర మందం, పైపుల పొడవు ఇక్కడే లెక్కలోకి వస్తాయి. వాడకం గంటలు మార్చకుండా రన్ బటన్ నొక్కితే వచ్చే రిజల్టు మీ హాస్టల్‌ది కాదు, ఎవరో అమెరికావాళ్ల ఇంటిది.

ఇంకో గొయ్యి ఉంది. ఒక వైవాకు ఎక్స్‌టర్నల్‌గా వెళ్లినప్పుడు ఒక కుర్రాడి రిపోర్టు చూశాను. గ్రాఫులు ముచ్చటగా ఉన్నాయి, కానీ డిసెంబరులో వేడి సగానికి సగం పడిపోయింది, మేలో పెరిగింది. కారణం ఏంటయ్యా అంటే మబ్బులన్నాడు. రాయలసీమలో డిసెంబరంతా మబ్బులేంటి? ఇన్‌పుట్లు తెరిపిస్తే అజిమత్ దగ్గర, అంటే కలెక్టరు ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పే అంకె దగ్గర, సున్నా ఉంది. ట్రాన్సిస్‌లో సున్నా అంటే దక్షిణం, సామ్‌లో సున్నా అంటే ఉత్తరం. దక్షిణానికి 180 కొట్టాలి. పాపం ట్రాన్సిస్ ట్యుటోరియల్ చూసి సామ్‌లో నింపాడు, కలెక్టర్లన్నీ ఉత్తరానికి తిరిగిపోయాయి. తమాషా ఏంటంటే, మన అక్షాంశంలో జూన్‌లో సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు కాబట్టి ఏడాది మొత్తం చూస్తే తప్పు అంతగా బయటపడదు. అందుకే ఎప్పుడూ నెలవారీగా చూడు, ముందు డిసెంబరు చూడు. మేలో అనంతపురంలో వేడినీళ్లు ఎవరికి కావాలి, ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టనివ్వవు.

మీది థర్మోసైఫన్ అయితే సామ్ చాలదు, అది పంపుతో నడిచేవాటికే. అప్పుడు మీ గైడ్ గారి మాటే రైటు. ట్రాన్సిస్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, 1975 నుంచి అందుబాటులో ఉంది. ఈ రంగంలో రీసెర్చ్ పేపర్లు తిరగేస్తే అదే ఎక్కువగా కనిపిస్తుంది. అందులో ప్రతి పరికరానికీ ఒక టైప్ నంబరు ఉంటుంది. మామూలు ఫ్లాట్ ప్లేట్ కలెక్టరు టైప్ 1, గాజు గొట్టాలది టైప్ 71, థర్మోసైఫన్‌ది టైప్ 45. తెర మీద ఆ పరికరాల డబ్బాలను తీగల్లాంటి గీతలతో కలుపుకుంటూ పోవాలి. నేర్చుకోవడానికి నెల పైనే పడుతుంది, పైగా లైసెన్సు డబ్బుతో కూడుకున్నది. కాలేజీకి లైసెన్సు ఉందా అని గైడ్ గారిని సూటిగా అడుగు. లేదంటే క్రాక్ వెర్షన్ జోలికి పోకు. వైవాలో ఎక్కడిదని అడిగితే తల దించుకోవాలి. దాని బదులు పైథాన్‌లో గంట గంటకూ ట్యాంకు వేడి లెక్క నువ్వే రాసుకో: వచ్చిన వేడి, వాడిన వేడి, రాత్రి పోయిన వేడి. పెద్ద కోడేమీ కాదు. నన్నడిగితే ఇంటర్వ్యూలో దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఫ్లూయెంట్ వద్దు. గొట్టం లోపల నీళ్లు ఎలా కదులుతున్నాయి, ట్యాంకులో వేడి పొర ఎక్కడ ఆగింది అన్నవి చూడటానికి అది పనికొస్తుంది. ఏడాది పొడవునా ఎంత వేడి అన్న ప్రశ్నకు దాన్ని వాడటమంటే గోరుతో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. రెట్‌స్క్రీన్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, కెనడా ప్రభుత్వానిది, నెలవారీ లెక్క వేస్తుంది, డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుందో చూడటానికి తేలిక. ఉచిత వెర్షన్‌లో ఫైలు సేవ్ కాదు. జర్మనీ వాళ్ల టీసోల్, స్విట్జర్లాండ్ వాళ్ల పాలిసన్ డిజైన్ ఆఫీసుల సరుకు. రేపు ఎంఎస్‌కి అటువైపు వెళ్తే అప్పుడు చూసుకోవచ్చు.

ఇప్పుడు ఉద్యోగం మాట. మనవైపు వాటర్ హీటర్లు అమ్మే కంపెనీలు చాలావరకు సిమ్యులేషన్ చేయవు. నలుగురికి 100 లీటర్లు, ఆరుగురికి 200 అని చెప్పి బిగించి వెళ్తాయి. కొత్తవాళ్లకు ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది కరెంటు ప్యానెళ్లలో. 2024లో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లకు కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ వచ్చాక మేడల మీద పని ఇంకా పెరిగింది. అక్కడ పీవీసిస్ట్ అడుగుతారు, నిజమే. కానీ దానికి 30 రోజుల ఉచిత ట్రయల్ ఉంది. సామ్‌లోనూ కరెంటు ప్యానెళ్ల మోడల్ ఉంది. ప్రాజెక్టు కోసం సామ్ నేర్చుకున్నాక వాతావరణ ఫైలు, వంపు, నీడ, నష్టాలు అన్నీ తెలిసినవే కాబట్టి పీవీసిస్ట్ రెండు వారాల్లో చేతికొస్తుంది. భవనాల వైపు ఆసక్తి ఉంటే, భవనంలో ఎంత శక్తి ఖర్చవుతుందో లెక్కవేసే ఎనర్జీప్లస్ చూడు, అదీ ఉచితమే. ఇక ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్లను, పోయిన బ్యాచ్‌లో ఎవరు ఏ కంపెనీలో చేరారో చూపించమని, వాళ్లలో ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడించమని మీ నాన్నగారిని అడగమను. మాట మార్చారంటే 35 వేలు మిగిలినట్టే.

అందులోంచి ఓ వెయ్యి మాత్రం ఖర్చు పెట్టించు. రెండు డిజిటల్ థర్మామీటర్లు కొను. పదిహేను రోజుల పాటు రోజూ సాయంత్రం ఐదుకు, మళ్లీ పొద్దున ఐదున్నరకు, అంటే ఎవరూ నల్లా తిప్పకముందు, ట్యాంకు నీళ్ల వేడి నోట్ చేసుకో. ఓవర్‌హెడ్ ట్యాంకుది కూడా. సాఫ్ట్‌వేర్ చెప్పిన అంకెలను వీటితో పోల్చి చూసుకోవచ్చు. మేడ తాళం వార్డెన్ దగ్గరుంటుంది కదా, గైడ్ గారితో ఒక లెటరు రాయించుకుని వెళ్లు.