ట్రాన్స్‌పోజ్ సున్నాకి పెట్టి వాయించమనండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది. కీబోర్డు వాయిస్తాడు. ఎఫ్‌ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో లూపులు (రెడీమేడ్ సంగీతం ముక్కలు) పేర్చి, ఏఐతో లిరిక్స్ రాయించి, ఆటోట్యూన్ (గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్) పెట్టి పాడి రోజుకో పాట చేస్తున్నాడు. సంగీత దర్శకుడినవుతానంటూ లక్ష రూపాయల లాప్‌టాప్ అడుగుతున్నాడు. కొనమంటారా? - ఒక తండ్రి, విజయనగరం

జవాబు: లాప్‌టాప్ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (బటన్‌తో శ్రుతి మార్చే సదుపాయం) సున్నాకి పెట్టి, బాగా వచ్చిన పాట ఒకటి సీ మేజర్ శ్రుతిలో వాయించమనండి. వెంటనే అదే పాట ఈ-ఫ్లాట్ శ్రుతిలో అడగండి. తడబడ్డాడంటే వేళ్లు పెట్టే చోట్లు గుర్తున్నాయి గానీ స్వరాల మధ్య దూరాలు ఇంకా చెవికెక్కలేదని అర్థం. ఈ రంగంలో తొలి అవకాశం ఎక్కువగా కీబోర్డు ప్రోగ్రామర్‌గానో (పాటకు కీబోర్డు, కంప్యూటర్ శబ్దాలు సిద్ధం చేసే పని), అసిస్టెంట్‌గానో వస్తుంది. సింగర్‌కి అందడం లేదు, అర స్వరం దించమంటారు. బటన్ నొక్కితే దిగుతుంది. రెండో చరణానికి కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) మార్చమంటే మాత్రం చెవే దిక్కు.

ఆటోట్యూన్ 1997 నుంచీ ఉంది, స్టూడియోల్లో చాలామంది వాడతారు. అందులో తప్పేం లేదు. చిక్కల్లా నేర్చుకునే దశలో వాడటంతోనే. గొంతు కాస్త జారినా అది స్వరానికి లాగేస్తుంది, పాడినవాడికి తన పొరపాటు వినపడదు. పక్క స్వరానికి సగం దూరం దాటి జారితే ఆ పక్క స్వరానికే లాగేస్తుంది. రీట్యూన్ స్పీడ్ (ఎంత త్వరగా సరిచేయాలో చెప్పే సెట్టింగ్) సున్నాకి, అంటే తక్షణం సరిచేసేలా పెడితే ఇంకా ఘోరం. తోడి రాగంలో గాంధారం ఊగాలి, ఆ గమకం కాస్తా మెట్లు మెట్లుగా తెగిపోతుంది.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టేది లిరిక్స్. మన సినిమాల్లో చాలావరకు ముందు ట్యూన్, తర్వాత మాట. ట్యూన్‌లో 'తానన' అని ఉన్నచోట మొదటిది గురువు, తర్వాత రెండు లఘువులు. అక్కడ 'కలము' అని రాస్తే గాయకుడు 'కాలము' అని సాగదీయక తప్పదు, అర్థం మారిపోతుంది. ఏఐ ఇచ్చే తెలుగులో ఇలాంటివి తరచూ కనిపిస్తాయి. లైను చివర ప్రాస కుదిరిందని చూసి మురిసిపోతే ఇది పట్టుబడదు. మీవాడి చేత ఏఐ ఇచ్చిన పల్లవికి గురులఘువులు గుర్తు పెట్టించండి, ట్యూన్‌తో పోల్చి తేడా వచ్చిన మాటలు తనే మార్చాలి. వారానికి ఒక పల్లవి చాలు.

లూపుల గురించి ఒక్క మాట. రాయల్టీ లేని లూప్ మీరొక్కరే వాడరు. అదే లూప్ ఉన్న పాటను ఇంకెవరో కంటెంట్ ఐడీలో (యూట్యూబ్‌లో హక్కుదారుల పాటల్ని గుర్తుపట్టే వ్యవస్థ) నమోదు చేస్తే మీ పాటకి అక్కడ హక్కుల క్లెయిమ్ పడొచ్చు.

ఆరు నెలలపాటు రోజుకి గంటన్నర ఇలా పెట్టండి. అరగంట తంబూరా శ్రుతితో సరళి, జంట వరుసలు మూడు కాలాల్లో (వేగాల్లో), గొంతుతో. ఫోన్‌లో రికార్డు చేసి విని, ఆ తర్వాతే ట్యూనర్ (శ్రుతి సరిగా ఉందో చూపే యాప్) చూడాలి. ఇంకో అరగంట కీబోర్డు, ట్రాన్స్‌పోజ్ లేకుండా. రెండు వారాలకో కొత్త శ్రుతి అనుకుంటే 24 వారాల్లో పన్నెండూ పూర్తవుతాయి. మిగతా అరగంట ఏదైనా పాటలో ఎనిమిది బార్లు (తాళం ఆవృత్తాలు) విని, బేస్ (కింది స్థాయి స్వరం), కార్డ్స్ కాగితం మీద రాయాలి. కార్డ్ చూపించే యాప్ జవాబు సరిచూసుకోవడానికే. అది కూడా ఒక్కోసారి సీ మేజర్ అని చూపించి, కింద బేస్ 'ఈ' స్వరం మీద ఉన్న సంగతి వదిలేస్తుంది.

గురువు కోసం దూరం వెళ్లక్కర్లేదు. 1919లో పుట్టిన మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల మీ ఊళ్లోనే ఉంది, వెళ్లి కోర్సుల వివరాలు కనుక్కోండి. పాశ్చాత్య పద్ధతి కావాలంటే లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడ్ పరీక్షలు ఎనిమిది దశల్లో ఉంటాయి. డిగ్రీ మాత్రం ఏదో ఒకటి సాగనివ్వండి.

ఈ ఆరు నెలలూ ఇప్పుడున్న కంప్యూటరే సరిపోతుంది. తర్వాత కొన్నా 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు మోడల్ చాలు. మిగిలిన డబ్బు రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్‌కీ (మైకు, వాద్యాన్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), బయటికి శబ్దం పోని క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్‌కీ పెట్టండి.