మూయబడిన తూర్పు గుమ్మం, ఎన్నటికీ మూయబడని పన్నెండు గుమ్మాలు

బైబిలులోని యెహెజ్కేలు గ్రంథం 44వ అధ్యాయంలో ఆలయపు తూర్పు గుమ్మం తెరవబడకుండా మూసే ఉంటుందని దేవుడు చెప్పాడు. ప్రకటన 21వ అధ్యాయంలో మాత్రం పరిశుద్ధ పట్టణపు గుమ్మాలు ఏమాత్రమూ మూయబడవని యోహాను వ్రాశాడు. ఈ రెండూ ఎలా పొసగుతాయి, అసలు లేఖనాల్లో గుమ్మానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు అని మీరు అడిగారు. మా సంఘంలో పద్దెనిమిదేళ్లుగా సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇదే ప్రశ్నతో నేనూ చాలాకాలం తంటాలు పడ్డాను, మొదట్లో కొన్నేళ్లు పిల్లలకు దీన్ని తప్పుగా చెప్పాను కూడా. నాకు ఇప్పుడు అర్థమైనంతవరకు వాటి మధ్య వైరుధ్యం లేదు. అది కనబడాలంటే ముందుగా గుమ్మం అనగానే మన మనసులో మెదిలే రెండు తలుపు రెక్కలను కాస్త పక్కన పెట్టాలి. లేఖనకాలపు మనుషులకు పట్టణపు గుమ్మం అంటే మనుషులు కూర్చునే చోటు.

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా అవ్వ. మాది అనంతపురం జిల్లా. చిన్నప్పుడు అవ్వ పెద్ద అక్షరాల బైబిలు ఒడిలో పెట్టుకొని చదువుతూ ఉంటే పక్కన కూర్చునేదాన్ని. యాకోబు బేతేలులో రాతిని తలగడగా పెట్టుకొని పడుకొని, ఆకాశానికి అంటిన నిచ్చెనను కలలో చూసి, లేచి భయపడి "పరలోకపు గవిని ఇదే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా వైపు గవి అంటే కొండలోని గుహ కాబట్టి, పరలోకానికి పోయే గుహ ఒకటి ఉంటుందనుకున్నాను. "గవి కాదు పాపా, గవిని. గుత్తి కోట వాకిలి చూసినావు కదా, అట్లాంటిది" అని చెప్పి, అవ్వ కొన్ని పుటలు వెనక్కి తిప్పి, లోతు సొదొమ గవినియొద్ద కూర్చుని ఉన్న వచనం చూపించింది. పెద్దమనుషులు కూర్చునేది అక్కడేనని కూడా చెప్పింది. ఆమె చదివింది ఐదో తరగతే అయినా, నేను తర్వాత చదివిన వ్యాఖ్యానాలు ఈ విషయంలో ఆమె మాటకు చేర్చింది తక్కువే.

ఎనిమిదేళ్ల క్రితం మా సంఘంవారితో కలిసి పరిశుద్ధ భూమి యాత్రకు వెళ్లినప్పుడు, ఇశ్రాయేలు ఉత్తర భాగంలోని తేల్ దాను వద్ద తవ్వి తీసిన పట్టణ ద్వారంలో నేను స్వయంగా కూర్చున్నాను. సుమారు క్రీ.పూ. 9వ శతాబ్దం నాటి కట్టడమని చెబుతారు. పెద్ద పెద్ద రాళ్లు పరిచిన దారి, ఆ దారి పక్కన గోడను ఆనుకొని పొడవాటి రాతి అరుగు, దానికి దగ్గరలోనే చదరపు వేదిక, వేదిక మూలన గుమ్మడికాయ ఆకారంలో చెక్కిన రాతి దిమ్మె ఉన్నాయి. అక్కడ పందిరి వేయడానికి గుంజలు నిలిపేవారని, పందిరి కింద రాజో న్యాయాధిపతో కూర్చునేవాడని మా గైడు వివరించాడు. ఆ అరుగు మీద చేయి వేస్తే నాకు మా ఊరి రచ్చబండే గుర్తుకు వచ్చింది. బోయజు బేత్లెహేము పురద్వారమునొద్ద కూర్చుని, పదిమంది పెద్దలను పిలిచి కూర్చోబెట్టి, రూతును పెండ్లి చేసుకునే విషయం తేల్చుకున్నది ఇలాంటి చోటనే. "గుమ్మములలో న్యాయము స్థిరపరచుడి" అని ఆమోసు ప్రవక్త మొరపెట్టింది కూడా ఇలాంటి అరుగుల మీద పేదవానికి తీర్పు తారుమారు అవుతున్నందుకే. అంటే గుమ్మం దగ్గర మనిషి మాట వింటారు, అతని పక్షం తూకం వేస్తారు, ఆ తర్వాతనే లోపలివాడో వెలుపలివాడో తేలుతుంది. "ఇది యెహోవా గుమ్మము, నీతిమంతులు దీనిలో ప్రవేశించెదరు" అనే 118వ కీర్తనలోని మాటను ఆ అరుగు మీద కూర్చొని చదివితే, అది అలంకారంగా కాక నిజంగా ఒక తీర్పు వాక్యంలా వినిపించింది.

ఇప్పుడు యెహెజ్కేలు దగ్గరకు వద్దాం. యెరూషలేము కూలిన 14 ఏళ్లకు, చెరపట్టబడిన 25వ ఏట, బబులోను దేశంలో ఉన్న ఆ యాజకునికి కొత్త ఆలయపు దర్శనం కలిగింది. దర్శనంలో కొలతలు తీసేవాడు ఆలయం కంటే ముందుగా గుమ్మాలనే కొలవడం గమనించండి. ఒక్కొక్క గుమ్మం 50 మూరల పొడవు, 25 మూరల వెడల్పు ఉంది, దాని లోపల ఇటు మూడు, అటు మూడు కావలి గదులు ఉన్నాయి. మెగిద్దో, హాసోరు, గెజెరులలో తవ్వకాల్లో బయటపడిన ఆరు గదుల పట్టణ ద్వారాలు చాలావరకు ఇదే పద్ధతిలో ఉన్నాయి. కాబట్టి యెహెజ్కేలు చూసింది ఆనాటివారికి బాగా తెలిసిన గుమ్మమే, కాకపోతే అది దేవుని ఇంటికి పెట్టిన గుమ్మం.

దీనికి ముందు జరిగినదాన్ని విడిచి 44వ అధ్యాయాన్ని ఒక్కదాన్నే చదవడం వల్లనే మనకు చిక్కు వస్తుంది. 10, 11 అధ్యాయాల్లో ప్రజల దౌర్జన్యం, విగ్రహారాధన కారణంగా యెహోవా మహిమ మందిరపు గడపను విడిచి, తూర్పు గుమ్మం దగ్గర ఆగి, పట్టణానికి తూర్పున ఉన్న కొండ మీదికి వెళ్లిపోయింది. ఆ ఆగడంలో నాకు ఎప్పుడూ వెళ్లలేక వెళ్లేవారి అడుగే కనిపిస్తుంది. 43వ అధ్యాయంలో అదే మహిమ అదే తూర్పు దిక్కు నుండి తిరిగి వచ్చి, ఆ గుమ్మం గుండానే లోపలికి ప్రవేశించింది. ఆ తర్వాతనే గుమ్మం మూయబడింది. దేవుడు చెప్పిన కారణం కూడా అదే: ఇశ్రాయేలీయుల దేవుడైన యెహోవా దానిలో ప్రవేశించాడు గనుక మరెవరూ ఆ దారిన రాకూడదు. ఆ దారికి దక్కిన ఘనత అది. వచ్చినవాడు మళ్లీ వెళ్లిపోడన్న భరోసా కూడా అందులో ఉందని నేను నమ్ముతున్నాను. ఎందుకంటే, యెహోవా యుండు స్థలమనే పేరును పట్టణానికి పెట్టి ఆ గ్రంథం ముగుస్తుంది. పైగా మూసిన ఆ గుమ్మంలోనే అధిపతి యెహోవా సన్నిధిని కూర్చుని ఆహారం భుజిస్తాడని తర్వాతి వచనం చెబుతోంది. గుమ్మాన్ని తలుపుగా మాత్రమే ఊహించుకున్నంతకాలం ఈ వచనం నాకు కొరుకుడు పడలేదు, గదిగా చూసిన తర్వాత ఇబ్బంది లేకపోయింది. ప్రజల మాటేమిటంటే, ఉత్తరపు గుమ్మం, దక్షిణపు గుమ్మం వారికి తెరిచే ఉన్నాయి. నియామక కాలాల్లో ఉత్తరం నుండి వచ్చినవారు దక్షిణంగాను, దక్షిణం నుండి వచ్చినవారు ఉత్తరంగాను వెళ్లాలని 46వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది.

నేను పిల్లలకు తప్పుగా చెప్పింది ఇక్కడే. ఒలీవల కొండ మీద నిలబడి కిద్రోను లోయకు అవతల చూస్తే యెరూషలేము ప్రాకారంలో రెండు కమానులు గల బంగారు ద్వారం రాళ్లతో మూసి కనిపిస్తుంది, దాని ముందు ముస్లింల సమాధులు ఉంటాయి. దాన్ని చూపించి యెహెజ్కేలు ప్రవచనం నెరవేరిందని చెప్పే ప్రసంగాలు మన సంఘాల్లో చాలా విన్నాం. కానీ నేడు కనబడే ఆ కట్టడం క్రీ.శ. 70లో ఆలయం కూలిపోయిన కొన్ని శతాబ్దాల తర్వాతిది. 16వ శతాబ్దంలో ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ యెరూషలేము ప్రాకారాలను తిరిగి కట్టించినప్పుడు, 1541లో దాన్ని మూయించాడని చెబుతారు. యెహెజ్కేలు గుమ్మం దర్శనంలోని ఆలయానిది, దేవుడు ప్రవేశించినందువల్ల మూయబడినది. ఈ రెంటినీ ఒకటి చేస్తే ప్రవచనంలోని అసలు సంతోషమే జారిపోతుంది. అంబ్రోసు, జెరోము వంటి సంఘ పితరులు ఈ గుమ్మంలో కన్య మరియమ్మను చూశారు. ఆ వ్యాఖ్యానంతో ఏకీభవించని సంఘాలవారు కూడా, ప్రభువు ప్రవేశించినందువల్లనే అన్న కారణాన్ని ఆ పితరులు విడిచిపెట్టలేదని గమనించాలి.

యూదులు ఈ ప్రతీకను నేటికీ చేతితో తాకుతూ బ్రతుకుతున్నారు. యెరూషలేము ప్రాకారంలోని సీయోను ద్వారం రాళ్ల మీద 1948 యుద్ధం నాటి తూటా గుంటలు అలాగే ఉన్నాయి. ఆ గుంటల పక్కనే, ద్వారబంధానికి బిగించిన మెజూజాను, అంటే దేవుని మాటలు వ్రాసిన చుట్టను ఉంచిన చిన్న పెట్టెను, ఒక వృద్ధుడు వ్రేళ్లతో తాకి, ఆ వ్రేళ్లను ముద్దుపెట్టుకొని లోపలికి వెళ్లడం నేను చూశాను. దేవుని మాటలను ఇంటి ద్వారబంధాల మీదను గవునుల మీదను వ్రాయమన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞను వారు పాటించే తీరు అది. యోమ్ కిప్పూరు అనే ప్రాయశ్చిత్త ఉపవాసదినం చివర చేసే ప్రార్థనకు నెయిలా అని పేరు, అంటే మూయడం. పొద్దు గ్రుంకుతుండగా, గుమ్మం మూసే వేళ మాకు గుమ్మం తెరువుమని వారు వేడుకుంటారు. ఆలయం కూలిన నాటి నుండి ప్రార్థన గుమ్మాలు మూతబడినా కన్నీటి గుమ్మాలు మాత్రం మూతబడలేదని యూదు బోధకుల మాటల సంకలనమైన తల్మూదులో రబ్బీ ఎలియాజరు చెప్పిన మాట ఉంది. మా అత్తగారు చనిపోయిన ఏడాది, ప్రార్థించడానికి నోట మాట రాని రోజుల్లో, నన్ను నిలబెట్టిన వాక్యాలలో ఇది ఒకటి.

యోహాను చూసిన పట్టణం యెహెజ్కేలు పట్టణాన్ని కొట్టివేసి కట్టినది కాదు. దిక్కుకు మూడేసి గుమ్మాలు, వాటి మీద ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల పేర్లు అన్న ఏర్పాటు యెహెజ్కేలు చివరి అధ్యాయంలోనిదే. రాత్రింబగళ్లు వేయబడని ద్వారాలు యెషయా 60వ అధ్యాయంలోనివి. యోహాను వాటికి ఒక కారణం చేర్చాడు: అక్కడ రాత్రి లేదు, కాబట్టి గుమ్మాలు మూసే వేళ రాదు. అయినా ప్రతి గుమ్మం దగ్గర ఒక దేవదూత ఉన్నాడు, నిషిద్ధమైనదేదీ లోపలికి రాదు. తెరిచి ఉన్నంత మాత్రాన గుమ్మంలోని న్యాయపీఠం తొలగిపోలేదు.

అయితే ఆ న్యాయపీఠం ముందు మన పక్షాన నిలిచినవాడు పట్టణంలోపల కాదు, వెలుపల చనిపోయాడు. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంలో యేసు "గవిని వెలుపట శ్రమపొందెను" అని ఉంది. తెలుగులోకి తెచ్చినవారు అక్కడ కూడా యాకోబు పలికిన ఆ పాత మాటనే వాడారు. మా అవ్వ బైబిలు ఇప్పుడు నా దగ్గరే ఉంది, ఆ రెండు గవినుల కిందా ఆమె నీలి పెన్సిలుతో గీత గీసుకుంది.